ఋణప్రకటన

అనకాపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1913లో చెరకు పరిశోధన కేంద్రంగా మొదలయింది. నేడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అంతర్భాగం. ఆ స్థానం రైతులకు అందించిన చెరకు రకాలలో '87 ఎ 298' ఒకటి. దానికే 'కో ఎ 92081' అని మరొక పేరు ఉంది. తెలియనివారికి ఈ పేర్లు బండి నంబర్లవలె తోస్తాయి. తెలిసినవారికి అందులో ఒక చరిత్ర కనిపిస్తుంది. 'కో' అంటే కోయంబత్తూరు. 1912లో అక్కడ వెలసిన చెరకు ప్రజనన కేంద్రానికి అది సంకేతం. 'ఎ' అంటే అనకాపల్లి. అంకెలు సంవత్సరాన్ని, వరుస సంఖ్యను తెలుపుతాయి.

ఒక మొక్క పేరులో రెండు ఊళ్ళు చోటు చేసుకోవడానికి కారణం ఉంది. రైతు చెరకును విత్తనంతో పండించడు. గడను ముచ్చెలుగా నరికి నాటుతాడు. అందువల్ల ఏటేటా పాత మొక్కే మళ్ళీ మొలుస్తుంది. కొత్త రకం పుట్టాలంటే చెరకు పూత పూయాలి, రెండు రకాలకు సంకరం జరగాలి, గింజ కట్టాలి. ఈ పనికి కోయంబత్తూరు వాతావరణం అనుకూలం. అక్కడ సంకరం చేసిన గింజను ఇతర రాష్ట్రాల పరిశోధన స్థానాలకు పంపుతారు. ఆ గింజనుంచి మొలిచిన ప్రతి మొక్కా వేరుగా ఉంటుంది. వేలాది మొక్కలను పెంచి, రసంలో చక్కెర శాతం చూసి, ఎర్రకుళ్ళు తెగులుకు తట్టుకొనేదేదో, తమ నేలకు నప్పేదేదో కొన్నేళ్ళపాటు పరీక్షించి, చివరికి ఒకదానిని ఎన్నుకొనే పని ఆయా స్థానాలది. సంకరం ఒక చోట, ఎంపిక మరొక చోట జరుగుతున్నాయి గనుక పేరులో రెండింటికీ స్థానం లభించింది. తిరుపతిలో ఎంపికయిన రకానికి 'కో టి' అనీ, ఉయ్యూరులో ఎంపికయిన రకానికి 'కో వి' అనీ, తమిళనాడులోని కడలూరులో ఎంపికయిన దానికి 'కో సి' అనీ పేర్లు ఉండడం ఈ ఒప్పందం ఫలితమే.

కోయంబత్తూరు పేరు ముందు వచ్చినందువల్ల అనకాపల్లి శాస్త్రజ్ఞుల శ్రమకు గౌరవం తగ్గలేదు. బెల్లం వండుకొనే రైతుకు ఈ అక్షరాలతో నేరుగా పని లేకపోవచ్చును కూడా. కాని ఆ రకానికి రేపు ఏదైనా కొత్త తెగులు సోకితే, దాని తల్లిదండ్రులెవరో తెలుసుకోవడానికి ఎక్కడి దస్త్రాలు వెదకాలో, దాని పెరుగుదల వివరాలకు ఎవరినడగాలో ఆ పేరు చెబుతుంది. ఋణాన్ని ప్రకటించడం మర్యాదకోసమే అనుకొనేవారు ఈ ప్రయోజనాన్ని గమనించరు. ఎవరి పాలు ఎంతో తెలియజేయడంలో తరువాత వచ్చేవారికి దారి చూపడం అనే పని కూడా ఇమిడి ఉంది.

తెలుగు సాహిత్యానికి ఈ అలవాటు కొత్తది కాదు. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కోరికపై భారతాంధ్రీకరణకు పూనుకొన్న నన్నయభట్టు, తనకు సహాయపడిన నారాయణభట్టును గ్రంథావతారికలోనే పేర్కొన్నాడు. ఆ సాయం స్వరూపమేమిటో, ఎంతవరకో నిర్ణయించడానికి పండితులు నేటికీ చర్చించుకొంటున్నారు. చర్చకు అవకాశం కలిగింది నన్నయ ఆ పేరు చెప్పినందువల్లనే. చెప్పకపోయినట్లయితే ఆంధ్ర మహాభారత రచనలో నారాయణభట్టు అనే వ్యక్తి ఉన్నాడని ఊహించవలసిన అవసరమే ఎవరికీ కలిగేది కాదు. అరణ్యపర్వంలో నన్నయ విడిచిన భాగాన్ని 14వ శతాబ్దిలో పూరించిన ఎఱ్ఱన స్థితి మరింత సున్నితమైనది. ఆయన నన్నయ శైలికి అతుకు తెలియకుండా రాయదలచాడు. కృతిని రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. అయినా, ఆ పర్వశేషాన్ని పూరించినది తానని గ్రంథాంతంలో తెలియజేశాడు. శైలిలో అతుకు కనిపించకుండా చూడడం ఆయన ప్రతిభ. ఆ అతుకు ఉన్నదని చెప్పడం ఆయన నిజాయితీ. ఈ రెండూ ఒకే కవిలో కలిసి ఉండగలవని గుర్తించడం ప్రస్తుత విషయానికి ఎంతో అవసరం.

పోతన భాగవతం మరొక ఉదాహరణ. ఆ మహాగ్రంథం మొత్తం పోతన రచనగానే లోకంలో ప్రసిద్ధం. అయితే అందులో పంచమ స్కంధం గంగనదనీ, షష్ఠ స్కంధం ఏర్చూరి సింగనదనీ, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవనీ సాహిత్య చరిత్రలు చెబుతున్నాయి. ఈ సంగతి ఎవరో పరిశోధకుడు శైలిని తూచి కనిపెట్టినది కాదు. స్కంధాంతాలలోని గద్యలలో ఆయా కవులు తమ పేర్లు చెప్పుకొన్నారు. పోతన ప్రఖ్యాతి చాటున ఉండిపోవడం వారికి సులభం. లేదా ఆ ప్రఖ్యాతిని కొంత తమవైపు లాగుకోవడమూ అసాధ్యం కాదు. వారు రెండూ చేయక, తాము రాసినంతమేరకు తమ పేరు ఉంచారు. ఐదు వందల ఏళ్ళ తరువాత గ్రంథం చేతబట్టిన విద్యార్థికి ఏ పద్యం ఎవరిదో తెలియడానికి ఆ గద్యలే ఆధారం.

2022 నవంబరు 30న అమెరికాలోని ఓపెన్ ఏఐ సంస్థ చాట్ జీపీటీ అనే కృత్రిమ మేధా సాధనాన్ని ప్రజల ముందుంచింది. ఆ వెంటనే అటువంటివి మరికొన్ని వచ్చాయి. అప్పటినుంచి విద్యార్థి వ్యాసాలకు ఒక కొత్త సహాయకుడు దొరికాడు. అడిగిన వెంటనే సమాధానం చెబుతాడు, విసుగుకోడు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తాడు, రాసినదానికి తన పేరు పెట్టమని కోరడు. చివరి గుణమే చిక్కు తెచ్చిపెట్టింది. మిత్రుడు వ్యాసం రాసిపెడితే ఏదో ఒకనాడు ఆ మాట బయటికి వస్తుందన్న జంకు విద్యార్థికి ఉండేది. ఈ సహాయకుని విషయంలో ఆ జంకు లేదు. పేరు చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా వాడుకొన్నవాని మనస్సాక్షికి వదలబడింది.

ఇక ఈ సహాయకుని పేరు ఎక్కడ చెప్పాలన్నది మొదటి ప్రశ్న. 2023 ప్రారంభంలో కొన్ని శాస్త్ర వ్యాసాలలో చాట్ జీపీటీని సహరచయితగా చూపడం జరిగింది. దానిపై విజ్ఞానశాస్త్ర పత్రికలు త్వరగానే స్పందించాయి. 'నేచర్' పత్రిక ఆ జనవరిలోనే, ఇటువంటి సాధనాన్ని రచయితగా అంగీకరించబోమని, వాడినవారు ఆ సంగతిని తమ వ్యాసంలో పరిశోధన పద్ధతిని వివరించే భాగంలో తెలపాలని ప్రకటించింది. ప్రచురణ నీతిని పరిశీలించే అంతర్జాతీయ సంఘం 'కోప్' కూడా ఫిబ్రవరిలో అదే అభిప్రాయం వెలిబుచ్చింది. వారు చూపిన కారణం బాధ్యతకు సంబంధించినది. రచయిత అన్నవాడు తాను రాసినదానికి జవాబుదారి కావాలి. ఆక్షేపణ వస్తే సమాధానం చెప్పాలి, తప్పయితే దిద్దుకోవాలి. యంత్రం ఈ పనులు చేయజాలదు. నారాయణభట్టును నన్నయ సభలో చూపగలడు. అడిగినవారికి ఆయనే జవాబు చెప్పగలడు. కృత్రిమ మేధను అట్లా చూపడానికి వీలులేదు. కనుక దాని పేరు రచయితల వరుసలో చేరదు. దాని వాడుకను మాత్రం దాచరాదు. ఈ రెంటినీ కలిపి గ్రహించనివారు, 'రచయిత కాదు గదా, పేరు చెప్పవలసిన పనేమి' అని తేలికగా వాదిస్తారు. పనిముట్టు పేరు చెప్పడం శాస్త్రంలో ఎప్పుడూ ఉన్నదే. ప్రయోగశాల నివేదికలో వాడిన త్రాసు సూక్ష్మత ఎంతో రాయకపోతే తూకానికి విలువ లేదు.

రెండవ ప్రశ్న మొదటిదానికంటె లోతైనది. కృత్రిమ మేధ చెప్పినదానిని ఆధారంగా చూపవచ్చునా? దీనికి సమాధానం చెప్పడానికి ఆ సాధనం పనిచేసే తీరు కొంత తెలియాలి. భాషా నమూనా అనబడే ఈ యంత్రానికి అపారమైన రాతను చూపి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉన్నదో లెక్కగట్టడం నేర్పారు. అందువల్ల దాని వాక్యం సాధారణంగా నిండుగా, నమ్మదగినదిగా ఉంటుంది. కాని ప్రతి వాక్యం వెనుక ఒక గ్రంథమో, ఒక శాసనమో, ఒక సాక్షియో ఉండాలన్న నియమం లేదు. అంతర్జాలంలో వెదకి చెప్పే ఏర్పాటు ఉన్న సాధనాలు కొన్ని లంకెలను చూపుతాయి. ఆ లంకెను తెరచి చదివినప్పుడు, అందులో ఆ మాట ఉన్నప్పుడు మాత్రమే దానికి విలువ.

అనకాపల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం ఉంది. సంఘారామం అనే మాటే శంకరంగా మారిందంటారు. తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. కొండరాతిని తొలిచిన గుహలు, రాతిలోనే మలచిన స్తూపాల వరుసలు అక్కడ ఉన్నాయి. 20వ శతాబ్ది తొలి దశకంలో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపి, నివేదిక ప్రచురించాడు. సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి, విష్ణువర్ధనుని రాగి నాణేలు ఆ తవ్వకాలలో దొరికాయి. ఈ కొండలపై ప్రాజెక్టు రాయదలచిన ఒక కళాశాల విద్యార్థిని అనుకొందాము. ఆమె కృత్రిమ మేధను అడుగుతుంది. వచ్చిన సమాధానంలో కొంత రే నివేదికనుంచి ఎన్నో చేతులు మారి వచ్చినది కావచ్చు. కొంత పర్యాటక ప్రకటనలలోని అతిశయోక్తి కావచ్చు. మరికొంత వేరొక బౌద్ధ క్షేత్రం, బావికొండదో తొట్లకొండదో, ఇక్కడికి వచ్చి చేరినది కావచ్చు. వాక్యాలన్నీ ఒకే స్వరంతో ఉంటాయి గనుక ఏది ఎక్కడిదో చెప్పడం ఆమెకు సాధ్యం కాదు. 'కృత్రిమ మేధ చెప్పినది' అని అడుగున రాసినా ఆ చిక్కు తీరదు. నాణెం దొరికిందనడానికి సాక్ష్యం తవ్వినవాని నివేదికే. యంత్రం ఆ మాటను మరల చెప్పినంతమాత్రాన సాక్షి కాజాలదు.

దీనికి ఇంకా సులువైన పరీక్ష ఒకటి ఉంది. అనకాపల్లి 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అంతకుముందు అది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. బొజ్జన్నకొండ గురించిన పుస్తకాలు, వ్యాసాలు చాలావరకు అంతకు పూర్వం రాసినవే గనుక వాటిలో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. ఆ రాతలను ఆహారంగా తీసుకొన్న యంత్రం కూడా అదే మాట చెప్పవచ్చు. అనకాపల్లిలో పుట్టి పెరిగిన విద్యార్థిని తన ప్రాజెక్టులో తన జిల్లా పేరే తప్పుగా రాస్తే, పక్కనున్న కొండను ఆమె చూడలేదేమో అన్న అనుమానం అధ్యాపకునికి కలగడం సహజం. పెద్ద నగరాల గురించి, ప్రసిద్ధ వ్యక్తుల గురించి రాత విస్తారంగా ఉంది. చిన్న ఊళ్ళ గురించి, అందులోనూ తెలుగులో, లభించే రాత తక్కువ. కనుక స్థానిక విషయాలలో యంత్రం తడబడే అవకాశం ఎక్కువ. స్థానిక విద్యార్థి తెలివికి విలువ పెరిగేదీ అక్కడనే.

లేని ఆధారాన్ని ఉన్నట్లుగా చూపడంవల్ల కలిగే ఫలితం న్యూయార్క్ నగరంలో 2023లో బయటపడింది. విమానంలో గాయపడ్డానంటూ ఒక ప్రయాణికుడు ఏవియాంకా విమాన సంస్థపై వేసిన దావాలో, అతని తరఫు న్యాయవాదులు ఫెడరల్ న్యాయస్థానానికి పాత తీర్పులు కొన్ని ఉదాహరించారు. వాది, ప్రతివాది పేర్లు, సంవత్సరాలు, సంపుటాల సంఖ్యలు అన్నీ పొందికగా ఉన్నాయి. తీరా వెదికితే అటువంటి తీర్పులు లేవు. వాటిని చాట్ జీపీటీ కల్పించింది. ఈ తీర్పులు నిజమైనవేనా అని న్యాయవాది ఆ యంత్రాన్నే అడిగాడు. నిజమైనవేనని అది జవాబిచ్చింది. దొంగ సొత్తుకు దొంగనే సాక్ష్యం అడిగినట్లయింది. ఆ జూన్‌లో న్యాయమూర్తి కాస్టెల్ ఐదు వేల డాలర్ల జరిమానా విధించాడు. ఆ తీర్పులో గమనింపదగిన విషయం ఒకటి ఉంది. నమ్మదగిన సాధనం సాయం తీసుకోవడంలో స్వతహాగా దోషం లేదని ఆయన అభిప్రాయపడ్డాడు. దాఖలు చేసేదానిని సరిచూడకపోవడం, ప్రశ్న తలెత్తిన తరువాత కూడా ఆ కల్పిత తీర్పులనే పట్టుకొని వేళ్ళాడడం ఆయన చూపిన దోషాలు.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణకు నిబంధనలు చేసింది. పరిశోధన గ్రంథాలలో ఇతరుల రచనతో పోలిక పది శాతం వరకు ఉంటే శిక్ష లేదు. ఆ పైన నలభై, అరవై శాతాల మెట్లను బట్టి శిక్ష పెరుగుతుంది. ఇతరుల రచననో భావాన్నో తీసుకొని తనదిగా చూపడం గ్రంథచౌర్యమని ఆ నిబంధనల నిర్వచనం. అవి వచ్చిననాటికి నేటి కృత్రిమ మేధ ప్రజల చేతికి రాలేదు. అందుచేత ఒక తర్కం పుట్టింది. యంత్రం కొత్తగా అల్లిన వాక్యానికి 'ఇతరుడు' ఎవరు? పోల్చి చూసే సాఫ్ట్‌వేరుకు అది ఎక్కడా దొరకదు. సొమ్ము పోయినవాడు లేనప్పుడు దొంగతనం ఎట్లా అవుతుందని కొందరు ప్రశ్నిస్తారు. ఈ తర్కం సగమే నిజం. చౌర్యంలో రెండు అపరాధాలు ఉన్నాయి. ఒకటి, అసలు రచయితకు దక్కవలసినది దక్కకపోవడం. రెండవది, చదువరిని మోసగించడం. మొదటిది ఇక్కడ అస్పష్టం కావచ్చును. రెండవది యథాతథంగా ఉంది. వ్యాసం చదివే అధ్యాపకుడు దానిని చూసి ఈ విద్యార్థికి ఈ విషయం తెలుసునని, ఇంతగా ఆలోచించగలడని నిశ్చయానికి వస్తాడు. ఆ నిశ్చయంమీదనే మార్కులు, ఆ మార్కులమీద పై చదువు ఆధారపడి ఉన్నాయి. పక్క బల్లపై కూర్చొని తన వ్యాసాన్ని తానే రాసిన విద్యార్థికి ఇందులో జరిగే నష్టాన్ని లెక్కించేవారు తక్కువ.

ఋణం ప్రకటించాలని నిశ్చయించుకొన్న విద్యార్థికి కూడా దానిని ఎట్లా రాయాలన్నది సందేహమే. వ్యాసం చివర 'ఈ రచనలో కృత్రిమ మేధ సహాయం తీసుకోబడినది' అని ఒక పంక్తి రాసి ఊరుకోవడం సాధారణంగా కనిపిస్తున్నది. ఇది చెప్పినట్లే ఉంటుంది గాని ఏమీ చెప్పదు. సహాయం శీర్షిక పెట్టడంలోనా, మొత్తం రాయడంలోనా? తేలదు. దానికి బదులుగా ఈ విధంగా ఉన్నదనుకొందాము: 'ఈ ప్రాజెక్టులోని విభాగాల వరుసను 2025 జూలై 12న చాట్ జీపీటీ సూచించింది. అది సూచించిన ఐదు విభాగాలలో మూడింటిని ఉంచి, రెండింటిని తొలగించడమైనది. రెండవ విభాగంలోని మొదటి పేరా దాని చిత్తుప్రతికి దిద్దుబాటు. శంకరం విశాఖపట్నం జిల్లాలో ఉన్నదని ఆ సాధనం చెప్పగా, ప్రస్తుత జిల్లా పేరుతో సరిచేయడమైనది. కొలతలు, ఛాయాచిత్రాలు, మూడవ విభాగం పూర్తిగా క్షేత్ర పరిశీలనలో సేకరించినవి.' ఈ ఐదు వాక్యాలలో ఏ సాధనం, ఎప్పుడు, ఏ పనికి, ఎంతవరకు అన్నది తెలిసిపోతున్నది. అంతకుమించి, విద్యార్థిని సొంతంగా చేసినదేమిటో మొదటిసారిగా స్పష్టపడింది. ఒక్క పంక్తితో సరిపుచ్చుకొన్నవాడు తన శ్రమను కూడా ఆ పంక్తిలోనే ముంచివేసుకొంటాడు.

ఆంగ్లంలో వ్యాసం రాసేవారికి నిర్దిష్టమైన పద్ధతులు ఏర్పడ్డాయి. అమెరికన్ మానసిక శాస్త్రజ్ఞుల సంఘం 2023 ఏప్రిల్‌లో సూచించిన ప్రకారం, సాధనాన్ని తయారుచేసిన సంస్థ పేరు రచయిత స్థానంలో వస్తుంది. సాధనం పేరు, దాని కూర్పు, సంవత్సరం తరువాత వస్తాయి. ఆధునిక భాషా సంఘం అదే సంవత్సరం మార్చిలో ఇచ్చిన సలహా వేరు. దాని ప్రకారం రచయిత స్థానంలో ఎవరినీ చూపరాదు. అడిగిన ప్రశ్ననే శీర్షికవలె రాసి, తరువాత సాధనం పేరు, కూర్పు, సంస్థ, తేదీ చేర్చాలి. రెండు సంఘాలు రెండు విధాలుగా చెప్పడం చూసి కంగారు పడనక్కరలేదు. కళాశాల ఏది కోరితే అది పాటించవచ్చు. కూర్పును, తేదీని అడగడానికి మాత్రం బలమైన హేతువు ఉంది. గ్రంథం పేజీ సంఖ్య ఇస్తే ఎవరైనా తెరచి చూడగలరు. యంత్రాన్ని అదే ప్రశ్న రేపు అడిగితే వేరొక జవాబు రావచ్చు. ఆరు నెలలకు ఆ కూర్పే మాయం కావచ్చు. అందుకే అడిగిన ప్రశ్ననూ, వచ్చిన జవాబునూ యథాతథంగా అనుబంధంలో చేర్చడం ఉత్తమమైన పద్ధతి.

భాషను దిద్దుకోవడం సంగతి కొంత భిన్నం. అక్షరదోషాలు, వ్యాకరణ దోషాలు సరిచేయించుకోవడాన్ని చాలా పత్రికలు ప్రకటించవలసిన పనిగా భావించడం లేదు. 'నేచర్' ప్రచురణల నియమాలు కూడా భాషను మెరుగుపరచుకోవడానికి మినహాయింపు ఇచ్చాయి. తెలుగు మాధ్యమంలో చదివి, ఆంగ్లంలో ప్రాజెక్టు సమర్పించవలసివచ్చిన విద్యార్థికి ఇది ఊరటే. అయితే తెలుగులో రాసుకొన్న వ్యాసాన్ని మొత్తంగా యంత్రంచేత అనువదింపజేయడం దిద్దుబాటు కిందికి రాదు. భావం విద్యార్థిదే అయినా వాక్యం అతనిది కాదు. పైగా అనువాదంలో 'దిమ్మ', 'అచ్చు', 'గానుగ' వంటి మాటలు ఏమవుతాయో చెప్పలేము. అటువంటి సందర్భంలో తెలుగు మూలాన్ని కూడా జతచేసి, అనువాదం యంత్రానిదని తెలపడంవల్ల విద్యార్థికి లాభమే తప్ప నష్టం లేదు. ఆలోచన తనదన్నదానికి ఆ మూలమే ఋజువు.

ఋజువు అవసరం అంత తేలికగా కొట్టివేయదగినది కాదు. రాసినది మనిషా యంత్రమా అని కనిపెట్టే సాధనాలు అంగడిలో ఉన్నాయి. వాటి తీర్పును వేదవాక్యంగా తీసుకోరాదు. ఓపెన్ ఏఐ సంస్థ 2023 జనవరిలో అటువంటి సాధనాన్ని తానే విడుదల చేసి, అది తగినంత ఖచ్చితంగా లేదని జూలైలో ఉపసంహరించుకొంది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు సాధనాలను పరీక్షించారు. ఆంగ్లం మాతృభాష కానివారు స్వయంగా రాసిన ఆంగ్ల వ్యాసాలలో సగానికి పైగా యంత్రం రాసినవిగా అవి తప్పు ముద్ర వేశాయి. పరిమితమైన పదసంపదతో, నేర్చుకొన్న వాక్యాలతో రాయడం యంత్ర రచనవలె వాటికి తోచింది. నిజాయితీగా రాసినవానిపైనే నింద పడే అవకాశం ఉన్నదన్నమాట. పట్టుబడతామనే భయంతో ఋణం ప్రకటించేవారికి ఇది ఒక విధంగా వినిపిస్తుంది. అనుమానంతో విద్యార్థిని నిలదీసే అధ్యాపకులకు మరొక విధంగా వినిపించాలి.

అందువల్ల పని జరుగుతున్నప్పుడే నమోదు చేసుకోవడం మంచిది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అక్కడికి వెళ్ళి ధరలు సేకరించే విద్యార్థి, ఏ రోజున ఏ రంగు దిమ్మ ఎంతకు పలికిందో, ఎవరు చెప్పారో అక్కడికక్కడే పుస్తకంలో రాసుకొంటాడు. హైడ్రోస్ వేసి తెల్లబరచిన బెల్లానికి, వేయని ముదురు రంగు బెల్లానికి ధరలో తేడా ఉన్నదా అని అడుగుతాడు. ఆ జవాబులో విన్నదెంతో, కన్నదెంతో వేరుగా గుర్తు పెట్టుకొంటాడు. ఇంటికి వచ్చి ఆ అంకెలను పట్టికగా కూర్చడానికి కృత్రిమ మేధను వాడుకొంటే, అదే పుస్తకంలో తరువాతి పేజీలో ఆ రోజు తేదీ, సాధనం పేరు, అడిగిన ప్రశ్న, వచ్చిన పట్టికలో తాను సరిదిద్దిన గడులు రాసుకోవచ్చు. ప్రాజెక్టు సమర్పించే నాటికి ప్రకటన పేరా వేరుగా ఆలోచించి రాయవలసిన పని ఉండదు. ఆ పేజీలను చూసి ఎత్తి రాస్తే చాలు. మౌఖిక పరీక్షలో అధ్యాపకుడు ఏదైనా అంకెమీద వేలు పెట్టి 'ఇది ఎక్కడిది' అని అడిగితే, పుస్తకం తెరచి చూపవచ్చు.